నా అరచేతికి తెలియని వేడి

సహోదరులారా, సహోదరీలారా, మీ అందరికీ ప్రభువు పేరిట వందనాలు. పోయిన సంవత్సరం ఇదే మైకు పట్టుకుని, నా తమ్ముడు సామ్యేలు లేచి నడుస్తున్నాడని నేను మీకు సాక్ష్యం చెప్పాను. మీరు చప్పట్లు కొట్టి దేవుణ్ణి స్తుతించారు, కొందరు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఆ సాక్ష్యం అబద్ధం. దాన్ని సరిచేయడానికే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

సామ్యేలు పంజగుట్టలో ఒక షాపుకు బోర్డు బిగిస్తూ నిచ్చెన మీద నుంచి వెల్లకిలా పడ్డాడు. వెన్నుపాము దెబ్బతిన్నది, నడుము కింద కదలికా లేదు, స్పర్శా లేదు. నరం మళ్లీ పనిచేయడం కష్టమని డాక్టర్లు చెప్పారు, కుర్చీలోకి తనంతట తాను మారడం, ఒంటికి పుండ్లు పడకుండా చూసుకోవడం ఫిజియోథెరపీ మేడమ్ ఓపికగా నేర్పింది. కానీ నాకది చాలలేదు! నాకు తమ్ముడు నడవాలి, అంతే.

అప్పుడు ఎస్.ఆర్. నగర్‌లో ఒక నాటు వైద్యుడు ఉన్నాడని ఎవరో చెప్తే తీసుకెళ్లాను. నూనె మర్దన, ఉప్పు మూటతో కాపడం, ఇదీ ఆయన వైద్యం. మర్దన తర్వాత భుజాల నొప్పి తగ్గి సామ్యేలు హాయిగా నిద్రపోయేవాడు, అది నిజం, అబద్ధం చెప్పను. అయితే ఒక రోజు మర్దన చేస్తుండగా అతని బొటనవేలు టక్కున కదిలింది. నేను హల్లెలూయా అని కేక పెట్టాను.

సామ్యేలు మాత్రం, "అన్నా, నేను కదపలే. దానంతటదే గుంజింది" అన్నాడు.

"అట్లనకురా, అది అవిశ్వాసం" అని అతని నోరు మూయించాను.

మనలో ఒక అలవాటు ఉంది కదా, జరగకముందే విశ్వాసంతో జరిగిందని చెప్పడం. ఆ ఆదివారం నేను అదే చేశాను. వేలు కదిలిందని చెప్పడానికి లేచినవాణ్ణి, మీ ముఖాలు చూసేసరికి నడుస్తున్నాడని చెప్పేశాను! ఆ తర్వాత తమ్ముణ్ణి మీ ముందుకు ఎలా తీసుకురాను? చక్రాల కుర్చీలో చూస్తే నా సాక్ష్యం ఏమవుతుంది? అందుకని మందిరానికి తీసుకురావడం మానేశాను, మీరు అడిగితే ఊరికి పోయాడని చెప్పాను. ఆస్పత్రికి తీసుకెళ్లడం కూడా మానేశాను. ఆరాధన అంటే ప్రాణం పెట్టేవాణ్ణి నాలుగు గోడల మధ్య దాచాను, సహోదరులారా, నా మాట నిలబడాలని!

ఇక అతను తొందరగా నడవాలి, లేకపోతే నేను దొరికిపోతాను. వైద్యుడు గోరువెచ్చగా పెట్టమన్న కాపడాన్ని నేను ఇంట్లో ఇంకా వేడిగా పెట్టడం మొదలుపెట్టాను. ముప్పై ఏళ్లుగా అమీర్‌పేటలో బట్టలు కుట్టి ఇస్త్రీ చేసినవాణ్ణి, వేడి ఎంతో నా చేతికి తెలుసు అనుకున్నాను. ఉప్పు మూటను అరచేత్తో తాకి చూశాను, ఏమీ అనిపించలేదు. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి మొద్దుబారిన చెయ్యి అది. దానికి వేడి తెలియలేదు, తమ్ముడి కాలికి అసలే తెలియదు. పొద్దున లుంగీ మారుస్తుంటే పిక్క మీద చర్మం బట్టతో పాటే ఊడి వచ్చింది.

ఆస్పత్రిలో ఆ కాలు చూసి ఫిజియోథెరపీ మేడమ్ తల పట్టుకుంది. "మర్దన చేయిస్తనంటే నేను వద్దన్ననా మాస్టర్? స్పర్శ లేని కాలికి గింత వేడి ఎట్ల పెట్టిన్రు? ఒక్క మాట నన్ను అడుగొద్దా?" వేలి సంగతి చెప్తే, అది కండరం బిగుసుకుని గుంజడమని, నయం కావడం కాదని చెప్పింది. తమ్ముడు మొదటి రోజే చెప్పిన మాట! తొడ నుంచి చర్మం తీసి పిక్కకు వేశారు, మానడానికి నెలలు పట్టింది.

ఇంత జరిగాక కూడా నేను నోరు విప్పలేదు. ఒక రోజు మన సంఘంలోని మార్తమ్మగారు నా షాపుకు వచ్చారు, ఆమె అనుమతితోనే ఈ సంగతి చెప్తున్నాను. "అన్నయ్యగారూ, మా ఆయనకీ వెన్ను దెబ్బే కదండీ. మీ సాక్ష్యం విన్నప్పటి నుంచి మనసు ఆగడం లేదు. ఆస్పత్రి మానిపించి మీ వైద్యుడి దగ్గరికే తీసుకెళ్తానండీ" అన్నారు. నేను కొలతల చీటీ వెనక ఆ వైద్యుడి అడ్రసు రాసి ఇచ్చాను. ఈ చేత్తోనే రాసి ఇచ్చాను!

ఇంటికి పోయి సామ్యేలుకు చెప్పాను. "నా కాలు కాలిస్తే నేనేమన్న అన్ననా అన్నా? నా కోసమే చేసినవ్. గాయన కాలు సుత కాలుస్తవా?" అన్నాడు.

నేను అక్కడే మోకాళ్ల మీద పడ్డాను. "ప్రభువా, నీ పేరు నిలబెడుతున్నానని చెప్పి నా పేరు నిలబెట్టుకున్నాను. నీకు నా అబద్ధపు సాయం ఎందుకయ్యా? నన్ను క్షమించు. ఆమె బయలుదేరకముందే నన్ను ఆ గుమ్మం దాకా చేర్చు" అని ఏడ్చాను. వెంటనే లేచి లక్డీకాపూల్‌లో వాళ్లింటికి వెళ్లి అంతా చెప్పాను. మార్తమ్మగారు ఆ చీటీ నా చేతికి తిరిగి ఇచ్చారు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె భర్త ఇప్పటికీ ఫిజియోథెరపీకి వెళ్తున్నాడు, దేవునికే మహిమ!

మర్దన తప్పని నేను చెప్పడం లేదు, భుజాలకు ఇప్పటికీ నేనే చేస్తాను, మేడమ్‌ను అడిగి చేస్తాను. చూసే డాక్టరుకు చెప్పకుండా ఏదీ చేయకండి, అదొక్కటే నా మనవి. నా తమ్ముడు నడవడం లేదు. విడుదల పొందింది నేను, నా అబద్ధం నుంచి. దేవుణ్ణి నమ్మండి, జరిగింది జరిగినట్టు చెప్పినా ఆయన మహిమ తగ్గదు.

ఒక్క మాట చెప్పి ముగిస్తాను. మన మందిరం మేడమీద ఉంది, మెట్లు ఇరుకు. సామ్యేలు కింద గేటు దగ్గర కుర్చీలో కూర్చుని ఉన్నాడు, వచ్చి గంటయింది. ముగ్గురు సహోదరులు నాతో దిగి రండి. నాలుగో చెయ్యి నేను వేస్తాను.