పొగగొట్టం తీసేసిన గీజర్

ఆ ఉదయం స్నానం చేసి వచ్చి చీర కుచ్చిళ్లు పెట్టుకోబోతే వేళ్లు నా మాట వినలేదు. కణతలు రెండూ ఎవరో బిగించి పట్టుకున్నట్టు నొప్పి. మంచం అంచున కూర్చుంటే కాసేపటికి తగ్గింది. లేచి, బస్సెక్కి అల్వాల్‌లో నేను పనిచేసే స్కూలుకు వెళ్లిపోయాను. అక్కడ హైస్కూలు పిల్లలకు లెక్కలు చెబుతాను.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి రోజులవి. మాది తెనాలి వైపు. మా ఆయన ప్రసాద్‌కి మేడ్చల్‌లో మందుల కంపెనీలో ఉద్యోగం. తూంకుంటలో కొత్తగా వేసిన కాలనీలో పై వాటా అద్దెకు తీసుకున్నాం. కింద ఇంటి ఓనరు యాదగిరి గారు ఉండేవారు. కుళాయి నుంచి కరెంటు మీటరు దాకా ఆ ఇంట్లో ఏది చెడినా ఆయనే విప్పి, ఆయనే బిగించేవారు.

ఆ చలికాలం మొదట్లో బాత్రూంలోని గ్యాస్ గీజర్ మాటిమాటికీ ఆరిపోయేది. కంపెనీ మెకానిక్‌ని పిలిపించమని అడిగాం.

"గీ జర్ర పనికి మెకానిక్ ఎందుకమ్మా? నాకు తెల్వదా?" అంటూ ఆయన స్క్రూడ్రైవర్‌తో పైకి వచ్చారు. గ్యాస్ వచ్చే రంధ్రాన్ని సూదితో పెద్దది చేశారు. పైన పొగ బయటికి పోయే గొట్టం తుప్పు పట్టిందని పీకేసి, గోడకున్న కంతను సిమెంటుతో పూడ్చారు. చలిగాలికే మంట ఆరిపోతోందని వెంటిలేటర్‌కి ప్లాస్టిక్ షీటు కొట్టారు. "ఇగ చూడుండ్రి, మంట ఎట్ల లేస్తాందో!" అన్నారు. మంట నిజంగానే పెద్దగా, పసుప్పచ్చగా లేచింది. నీళ్లు సలసలా కాగుతూ వచ్చాయి. మేము థాంక్స్ చెప్పి టీ ఇచ్చి పంపాం.

మా ఆయనకు చన్నీళ్లే అలవాటు, వేడినీళ్లు నాకే. నా తలనొప్పులు ఆ తర్వాతే మొదలయ్యాయి. దగ్గర్లోని డాక్టరు మైగ్రేన్ అన్నాడు. ఇంకోసారి బీపీ తక్కువ అన్నాడు. ఇంటి పనీ ఉద్యోగమూ రెండూ నెత్తిన వేసుకుంటే ఇంతేనమ్మా, టెన్షన్ తగ్గించుకో అన్నాడు. స్కూల్లో ఉన్నప్పుడు నొప్పి ఉండదనీ, పుట్టింటికి వెళ్తే అసలే రాదనీ చెబితే నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

ఒక ఆదివారం తలంటుకుంటూ పడిపోయాను. చప్పుడు విని మా ఆయన గడియ విరగ్గొట్టి నన్ను హాల్లోకి ఈడ్చుకొచ్చారు. ఆస్పత్రిలో జరిగింది ఆయన చెబితేనే నాకు తెలిసింది. వేలికి క్లిప్పు పెట్టి చూసిన కుర్ర డాక్టరు, "రక్తంలో ఆక్సిజన్ సాచురేషన్ నార్మల్‌గానే ఉంది. ఫిట్స్ వచ్చి ఉంటాయి" అన్నాడట. ఈమెకు జన్మలో ఫిట్స్ రాలేదని మా ఆయన గొడవ పెట్టుకుంటుంటే పెద్ద డాక్టరమ్మ వచ్చింది.

"బాత్రూంలోనే పడిపోయిందా? మీ ఇంట్లో నీళ్లు ఎలా కాస్తారు?"

"గ్యాస్ గీజరండీ."

"పొగగొట్టం ఉందా?"

"ఓనరు తీసేశాడండీ."

ఆవిడ వెంటనే కుర్ర డాక్టరు వైపు తిరిగిందట. "ఆ క్లిప్పుకి ఆక్సిజన్‌కీ కార్బన్ మోనాక్సైడ్‌కీ తేడా తెలీదు. ఏబీజీ రక్తపరీక్షకు పంపి కార్బాక్సీ హీమోగ్లోబిన్ ఎంతుందో చూడమనండి, రక్తంలో ఆ గ్యాస్ ఎంత చేరిందో తెలుస్తుంది. రిపోర్టు వచ్చేదాకా ఆగకండి, హై ఫ్లో ఆక్సిజన్ ఇప్పుడే పెట్టండి."

రిపోర్టు ఆవిడ అనుమానాన్నే నిజం చేసింది: బయటికి పోయే దారి లేక గదిలోనే నిలిచిన గీజర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్. వాసన లేదు, రంగు లేదు. నేను రోజూ తలుపు గడియ పెట్టుకుని మరీ పీల్చింది విషం.

బతికి ఇంటికొచ్చాను. గండం గడిచిందనుకున్నాను. కొన్ని వారాల తర్వాత క్లాసులో బోర్డు మీద భాగహారం చేస్తూ ఆగిపోయాను. తర్వాత ఏం చేయాలో తెలియలేదు. చేతిలో సుద్దముక్క వణుకుతోంది. పిల్లలు మొదట నవ్వారు, తర్వాత భయపడ్డారు. నడక నెమ్మదించింది. మాట తడబడింది. ఊరికే ఏడుపొచ్చేది. ఎంఆర్ఐ తీయించారు. "ఇది డిలేడ్ ఎఫెక్ట్. గ్యాస్ దెబ్బ మెదడు మీద ఇలా ఆలస్యంగా బయటపడుతుంది. చాలామందికి తగ్గుతుంది, కానీ టైం పడుతుంది" అంది డాక్టరమ్మ.

ఇల్లు ఖాళీ చేసి అల్వాల్‌కి మారాం. వెళ్లే రోజు మా ఆయన నిలదీస్తే యాదగిరి గారు, "నా ఇంట్ల ఇంతవరకు ఎవలికీ ఏం గాలే. మేడంకే ఎట్లయింది? ఆమెకు ముందుగాల్నుంచే ఫిట్స్ ఉన్నయంట గదా" అన్నారు. కాలనీ అంతా అదే చెప్పుకున్నారని తర్వాత తెలిసింది. విషం పెట్టిందీ ఆయనే, నాకు జబ్బు పేరు పెట్టిందీ ఆయనే.

కొంతకాలానికి, అక్కడే వదిలేసిన కుట్టు మిషన్ తెచ్చుకోవడానికి ఇద్దరం వెళ్లాం. పై వాటాలో చంటిబిడ్డతో ఒక అమ్మాయి ఉంది. మాటల్లో అంది: "బాబుకు నీళ్లు వోసేటప్పుడు తల తిరుగుతాంది అక్కా. నిద్ర లేకనేమో అనుకుంటున్న."

నేను బాత్రూంలోకి వెళ్లి చూశాను. అదే గీజర్. అదే సిమెంటు. అదే ప్లాస్టిక్ షీటు. గీజర్ పైన గోడంతా మసి.

ఈ గీజర్ వల్లే చావుదాకా వెళ్లొచ్చానని ఆ అమ్మాయికి చెప్పాను. మా ఆయన వెళ్లి సిలిండర్ వాల్వు కట్టేశారు. గొడవ విని యాదగిరి గారు పైకొచ్చారు. "నా ఇల్లు, నా గీజర్. మధ్యల మీరెవరమ్మా?"

అప్పటికింకా నాకు మాట తడబడుతూనే ఉంది. ఒక్కొక్క మాటే కూడదీసుకున్నాను. "మంచిది. గీజర్ వెలిగించి, తలుపేసుకుని, మీరే లోపల స్నానం చేయండి. మేం బయట కూర్చుంటాం."

ఆయన బాత్రూం వైపు ఒక్క అడుగు వేయలేదు. ఆ అమ్మాయి ఆయన ముఖంలోకి చూసింది, బిడ్డను గుండెకు హత్తుకుంది. "నాకు గిది వద్దు. ఇప్పుడే తీసెయ్యుండ్రి" అంది. ఆ సాయంత్రమే ఆమె భర్త దాన్ని గోడ నుంచి ఊడదీయించాడు. యాదగిరి గారు మాత్రం ఆ రోజూ, ఆ తర్వాతా తప్పు ఒప్పుకోలేదు.

ఇప్పుడు మళ్లీ లెక్కలు చెబుతున్నాను. పెద్ద లెక్కలు చేసేటప్పుడు కాస్త నెమ్మదిస్తాను, అలసిపోతే చేయి వణుకుతుంది. పిల్లలకు అలవాటైపోయింది.

చదివేవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఇంట్లో ఉంటే వచ్చి, బయటికెళ్తే తగ్గిపోయే తలనొప్పి మీకుంటే, మీ ఇంట్లో నీళ్లు ఎలా కాస్తారో, ఆ గీజర్‌ని ఎవరు బాగుచేశారో మీ అంతట మీరే డాక్టరుకు చెప్పండి. ఆయన అడిగేదాకా ఆగకండి. నన్ను చాలాకాలం ఎవరూ అడగలేదు.