ఇంగువ డబ్బా వెనకవైపు

మా కంపెనీలో ఉన్నది ముగ్గురం. కంపెనీ అనడం కూడా పెద్ద మాటే. వారంలో మూడు రోజులు ఎవరింట్లో వాళ్లం పనిచేసుకుంటాం. మిగతా రెండు రోజులు సన్నీబ్యాంక్ అనే పేటలో ఒక పళ్ల డాక్టరు క్లినిక్ పైన అద్దెకు తీసుకున్న గదిలో కూర్చుంటాం. పొడులు, పచ్చళ్లు, స్వీట్లు చేసి అమ్ముకునే చిన్న వంటశాలల కోసం లేబుళ్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ మాది. వాళ్లు ఏమేం వేసి వండారో టైపు చేస్తే సీసా మీద అంటించే చీటీ వచ్చేస్తుంది. దినుసుల పేర్లు, ఎప్పటిలోపు తినాలో, పల్లీలు, నువ్వులు, గోధుమల్లాంటి కొందరి ఒంటికి పడనివి ఉన్నాయో లేవో అందులో ఉంటాయి.

ఒకప్పుడైతే ఈ పనికి పదిహేను మంది కావలసి వచ్చేది. ఇప్పుడు ప్రోగ్రామంతా దాదాపు ఏఐ రాస్తుంది. మాలో ఒకతను హైదరాబాద్ అబ్బాయి, టోలీచౌకీలో పుట్టి పెరిగాడు. పొద్దున కాఫీ తాగుతూ ఏం కావాలో దానికి చెబుతాడు. కప్పు కడుక్కుని వచ్చేసరికి అది రాసిపెట్టి ఉంటుంది. కాకినాడ అమ్మాయి కస్టమర్లతో మాట్లాడుతుంది, తెర మీద ఏది ఎక్కడుండాలో చూస్తుంది. నా పని చదవడం. ఏఐ రాసిందంతా చదివి సరే అనాలి, లేదా కాదనాలి.

వినడానికి ఇంతే. కానీ నా చేత్తో నేను రాసుకునే రోజుల్లో రాస్తుండగానే సంగతి బుర్రకెక్కేది. ఇప్పుడు ఎవరో రాసింది, ఎంతో నమ్మకంగా, తడబాటు లేకుండా రాసింది, పేజీల కొద్దీ వచ్చి పడుతుంది. అది అలసిపోదు. నాకు మధ్యాహ్నం మూడయ్యేసరికి కళ్లు అక్షరాల మీదుగా జారిపోతుంటాయి. చదివాననుకుంటాను, వెనక్కి వెళ్లి చూస్తే ఒక్క ముక్క గుర్తుండదు. మళ్లీ మొదటి నుంచి.

నేను కంప్యూటర్లు కాలేజీలో చదవలేదు. ఒంగోలులో బీకాం చేశాను. ఈ దేశానికి వచ్చిన కొత్తలో సూపర్ మార్కెట్‌లో అరలు సర్దేదాన్ని. పని అయిపోయాక బస్సు వచ్చేదాకా గంట టైముండేది. ఆ గంట షాపింగ్ సెంటర్‌లోని లైబ్రరీలో కూర్చునేదాన్ని. మొదట్లో ఏసీ కోసమే వెళ్లాను. తర్వాత ప్రోగ్రామింగ్ పుస్తకం ఒకటి తీసుకుని, గడువు పొడిగించుకుంటూ పొడిగించుకుంటూ, చివరికి అక్కడి లైబ్రేరియన్ "ఇది ఇంక నీదేలే" అని నవ్వేదాకా చదివాను. దాని పక్క అరల్లో ఉన్నవీ వదల్లేదు. వంతెనలు ఎలా కడతారు, తేనెటీగలు దారి ఎలా గుర్తుపెట్టుకుంటాయి, ఉప్పు ఏయే దారుల్లో ప్రయాణించింది, అన్నీ. పెద్ద డిగ్రీల వాళ్ల మధ్య కూర్చుని "ఇది నేను చదివాను" అనగలగడం నాకు ఈనాటికీ ఇష్టం.

మా మొదటి కస్టమర్ కర్నూలు వైపు నుంచి వచ్చిన ఒక ఆంటీ. అరవై దాటాయి. ఏళ్ల తరబడి ఏజ్డ్ కేర్‌లో ముసలివాళ్లను లేపి కూర్చోబెట్టి, స్నానాలు చేయించి మోకాళ్లు అరగదీసుకున్నారు. ఆ తర్వాత ఇంటి గరాజ్‌ను వంటశాలగా మార్పించి, కౌన్సిల్ దగ్గర, అంటే ఇక్కడి మునిసిపాలిటీ దగ్గర, అనుమతి తెచ్చుకున్నారు. ఆ కాగితాన్ని లామినేట్ చేయించి సింకు పైన తగిలించారు. ప్రతి ఆదివారం మార్కెట్‌లో బల్ల వేసి సాంబారు పొడి, కంది పొడి, పులిహోర పేస్టు అమ్ముతారు. ఆవిడకు ఇంగ్లిష్ మాట్లాడటం వచ్చు, రాయడం రాదు.

"పొడి సంగతి నేను చూసుకుంటా. దాని మీద రాసేది నువ్వు చూసుకో మ్మా" అన్నారు మొదటి రోజే.

తర్వాత వంటశాలల వాళ్లందరూ గ్లూటెన్ ఫ్రీ, అంటే గోధుమలాంటివి లేవనే లేబుల్ కావాలని అడగడం మొదలుపెట్టారు. సీలియాక్ అనే జబ్బున్నవాళ్లకు గోధుమ రవ్వంత లోపలికి పోయినా పేగులు దెబ్బతింటాయి. ఈ ఊళ్లో అలాంటివాళ్లు సీసా తిప్పి చూడకుండా ఏదీ కొనరు. అందుకని మేం ఒక పద్ధతి పెట్టుకున్నాం. కొత్త దినుసు ఏది వచ్చినా దాని వివరాలు ముందు ఏఐ నింపుతుంది, నేను సరిచూసి సరే అంటాను. ఒక్కసారి సరే అంటే అది అన్ని వంటశాలలకూ వర్తిస్తుంది. కొట్లో కొనే దినుసైతే, పొట్లం వెనక రాసింది చదవనిదే సరే అనకూడదు. ఈ చివరి నియమం పెట్టింది నేనే.

ఇంగువ వంతు వచ్చిన రోజు జాబితా చాలా పొడుగ్గా ఉంది. అప్పటికే వెన్ను పట్టేసింది. ఇంగువ ఒక మొక్క వేరు నుంచి కారే బంక అనీ, అందులో గోధుమ లేదనీ ఏఐ రాసింది. అది చూడగానే నాకు హుషారు వచ్చింది. మసాలా దినుసుల మీద ఒక లావుపాటి పుస్తకం లైబ్రరీ నుంచి తెచ్చి చదివి ఏడాది కూడా కాలేదు. ఇరాన్, అఫ్గాన్ కొండల్లో ఆ మొక్క వేరుకు గాట్లు పెడతారనీ, పాలు కారి గడ్డకడుతుందనీ అందులో ఉంది. ఆ సంగతంతా నాలుగు వాక్యాల్లో రాసి, సరే అని నొక్కేశాను. భోజనాల దగ్గర వాళ్లిద్దరికీ కూడా చెప్పాను.

"అయ్ బాబోయ్ అక్కా, మీకు తెలీనిది లేదండి" అంది కాకినాడ అమ్మాయి.

"మా ఇంట్ల ఇంగువ వాడరు అక్కా, దాని వాసన ఎట్లుంటదో గూడ నాకు ఎరుక లేదు" అన్నాడు హైదరాబాద్ అబ్బాయి. "నువ్వు చదివినవంటే ఓకే. ఫినిష్."

ఆ మధ్యాహ్నమే అతను, ప్రోగ్రామ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే పరీక్షలు ఏఐ చేత రాయించాడు. అది నా నాలుగు వాక్యాలు చదువుకుని, ఇంగువ ఉన్న పొడికి గ్లూటెన్ ఫ్రీ అని వస్తే ఒప్పు అని పరీక్ష రాసింది. అన్నీ పాసయ్యాయి. తెర మీద పచ్చటి టిక్కులు వరసగా పడుతుంటే ముగ్గురం చూసి ఇంటికి వెళ్లిపోయాం.

మా ఇంట్లో పోపుల పెట్టె పక్కనే ఇంగువ డబ్బా ఉంటుంది. పెళ్లయినప్పటి నుంచీ ఉంది. దాని వెనక ఏం రాసి ఉందో నేనెప్పుడూ చూడలేదు. ఉప్పు పొట్లం వెనక ఎవరు చదువుతారు?

ఆరు వారాల తర్వాత ఒక బుధవారం ఆంటీ ఫోన్ చేశారు.

"ఏమ్మా, యాడుండావు?"

"ఆఫీసులో ఆంటీ."

"ఒకసారి వస్తావా? ఫోన్లో చెప్పేది కాదు."

వెళ్లేసరికి గరాజ్‌లో ఆంటీతో పాటు ఇంకొకావిడ ఉంది. నా వయసే ఉంటుంది. పక్కన స్కూల్ యూనిఫామ్‌లో పదకొండేళ్ల కూతురు. స్టీలు బల్ల మీద ఆంటీ సాంబారు పొడి సీసా, దాని పక్కన ఆంటీ వాడే పసుపుపచ్చ ఇంగువ డబ్బా, వెనకవైపు నాకు కనిపించేలా పెట్టి ఉన్నాయి.

"చదవండి" అంది ఆవిడ నాతో.

చదివాను. మొదటి మాట గోధుమ పిండి. తర్వాత తుమ్మ బంక. ఇంగువ చివర్న ఉంది. విడి ఇంగువ ఘాటు ఎవరూ భరించలేరు కాబట్టి, పిండిలో కలిపి అమ్ముతారు. నేను చదివిన పుస్తకంలో ఇరాన్ కొండలున్నాయి, ఈ డబ్బా లేదు.

"పాపకు సీలియాక్. నాలుగు రోజులు మెలికలు తిరిగిపోయింది. ఇంట్లో కొత్తగా వచ్చింది ఈ పొడొక్కటే. ఇందులో ఏముంటుందా అని ఇండియన్ షాపుకు వెళ్లి ఒక్కో దినుసూ తిప్పి చూశాను" అంది ఆవిడ.

"ఐ యామ్ ఓకే నౌ, అమ్మా" అంది ఆ పిల్ల.

"నువ్వుండు. ఓకేనంట ఓకే!"

"తల్లీ, నేను కావాలని చేసింటానా?" అన్నారు ఆంటీ.

"మిమ్మల్ని అనట్లేదు ఆంటీ. నేను దీన్ని నమ్మాను." సీసా మీద మా లేబుల్‌ను వేలితో తట్టింది.

సిస్టమ్‌లో పొరపాటు జరిగింది అనే మాట నా నోటిదాకా వచ్చింది. ఆంటీ నా వైపే చూస్తున్నారు. "ఇది నేను చూసి సరే అనాలి. డబ్బా చూడకుండా సరే అన్నాను" అన్నాను.

ఆవిడ సీసాను సంచిలో పెట్టుకుంది. "చదువుకున్నవాళ్లలాగే ఉన్నారు" అంది. అందులో వెటకారం కూడా లేదు. కౌన్సిల్‌కు తను చెప్పక తప్పదనీ, అంతకంటే ముందు మేమే చెబితే ఆంటీకి మంచిదనీ, రేపటిదాకా ఆగుతాననీ చెప్పి కూతురిని తీసుకుని వెళ్లిపోయింది.

ఆంటీ సింకు పైనున్న కాగితం వైపు చూశారు. "దీన్ని పీకేస్తారా మ్మా?"

నాకు తెలియదని చెప్పాను.

గదికి వచ్చి జరిగింది చెబితే హైదరాబాద్ అబ్బాయి వెంటనే కంప్యూటర్ తెరిచాడు. "ఎంట్రీ మార్చుడు రెండు నిమిషాల పని అక్కా."

"లేబుల్ అంటించేసిన సీసాల సంగతో?" అన్నాను.

అతను చేతులు వెనక్కి తీసుకున్నాడు. ఇంగువ వాడే వంటశాలలు ఏడున్నాయి. ఏడింటికీ కలిపి ఏఐ ఒక ఉత్తరం రాసిచ్చింది. మర్యాదగా, నున్నగా, ఒక్క తప్పు లేకుండా ఉంది.

కాకినాడ అమ్మాయి అంతా చదివి, "బానే ఉందండి. ఎవరూ చదవరు" అంది. "ఫోన్ చేసి చెప్పాలి. మనవే, మన నోటితో."

"శుక్రారం కొత్త కస్టమర్‌కు డెమో ఉంది కదా?" అన్నాడు అతను.

"మానేద్దాం" అంది ఆ అమ్మాయి.

"కౌన్సిల్‌కిచ్చే రిపోర్టుల ఏమని రాస్తం? ఏఐ తప్పు చెప్పిందని రాద్దామా?"

"అది చెప్పింది, నేను ఒప్పుకున్నాను. నా పేరు రాయి" అన్నాను. అతను రాయలేదు. ముగ్గురి పేర్లూ రాశాడు.

మర్నాడు ఆంటీ పక్కన కూర్చుని కౌన్సిల్‌కు చెప్పాల్సిన ఇంగ్లిష్ వాక్యాలు తెలుగు అక్షరాల్లో రాసిచ్చాను. ఆవిడ కళ్లజోడు పెట్టుకుని, ఫోన్‌లో ఒక్కో మాటా ఒత్తి ఒత్తి చదివారు. తర్వాత కొన్నవాళ్ల నంబర్లున్న నోటుబుక్కు తీసి, సాయంత్రం దాకా ఒక్కొక్కరికీ చెప్పుకుంటూ వచ్చారు. నేను మిగతా వంటశాలలకు చేశాను. స్వీట్లు చేసే ఒక అంకుల్, "పొట్లాలు నేనే చూసుకునేదైతే మీరెందుకమ్మా మధ్యలో?" అని పెట్టేశారు. నేను జాబితాలో తర్వాతి నంబరు నొక్కాను.

ఆ తర్వాత నెల రోజులు మేం కొత్తగా ఏమీ తయారుచేయలేదు. వంటశాల వంటశాలకూ తిరిగి పొట్లాల వెనకవైపులు ఫొటోలు తీశాం. ఒకరి ఇంగువలో గోధుమ పిండి, ఇంకొకరి దాంట్లో బియ్యప్పిండి. ఒకే గరాజ్‌లో పాత డబ్బా ఒకలా, కొత్త డబ్బా ఇంకోలా. ఇంగువ అని ఒకే పేరు పెట్టి అందరికీ వర్తింపజేయడమే తప్పని అప్పటికి గాని మాకు తెలియలేదు. ఇప్పుడు ప్రతివాళ్లూ తాము వాడే పొట్లం వెనకవైపు ఫొటో పెట్టాలి, కంపెనీ మారితే మళ్లీ పెట్టాలి. ఆ ఫొటోను ఏఐ నాకంటే బాగా చదువుతుంది, అలాంటి చిన్న అక్షరాలు నాకు ఆనవు. అయినా వంట చేసేవాళ్లు ఒకసారి, మాలో ఒకరు ఒకసారి దాని పక్కన కూర్చుని చదివాకే లేబుల్ వస్తుంది. నిమిషంలో వచ్చేది ఒక రోజు పడుతోంది. ఇద్దరు కస్టమర్లు వెళ్లిపోయారు. మధ్యాహ్నం మూడు దాటాక నేను ఏదీ సరే అనకూడదని కాకినాడ అమ్మాయి కొత్త నియమం పెట్టింది.

"మళ్ల పాత జమానాకు పోయినం" అని హైదరాబాద్ అబ్బాయి గొణుగుతూనే, అంతా మళ్లీ రాయించాడు. ఈసారి పరీక్షల్లో ఏది ఒప్పో అతనే ఫొటోలు చూసి చేత్తో రాశాడు.

కౌన్సిల్ ఆఫీసరు వచ్చి ఆంటీ వంటశాలంతా చూశారు. మా లేబుళ్లు, ఫొటోలు, ఆంటీ నోటుబుక్కు అన్నీ చూసి, పాత లేబుళ్లున్న సీసాలు పారేయించి, ఏం సరిచేయాలో రాసిచ్చారు. గోడ మీద కాగితం జోలికి పోలేదు.

"ఆయప్ప పోయినాక కాగితం ఉండాదా లేదా అని రెండుసార్లు చూసుకున్నా మ్మా" అన్నారు ఆంటీ ఫోన్‌లో. "ఉప్మా గుడ తినబుద్ధి కాలేదు."

బియ్యప్పిండి ఇంగువతో చేసిన పొడి మార్కెట్‌కు తీసుకెళ్లిన ఆదివారం నేనూ వెళ్లాను. ఎండ అప్పటికే మాడ్చేస్తోంది. పదింటికి ఆ తల్లీ కూతురూ వచ్చారు. వాళ్లొస్తారని ఆంటీ అనుకోలేదు. చేతిలో ఉన్న గరిటె ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే పట్టుకున్నారు.

ఆవిడ సీసా తీసి వెనక్కి తిప్పింది. మొదటి మాట నుంచి చివరి మాట దాకా, పెదాలు కదుపుతూ చదివింది. చదివి, నీడలోకి జరిగి, మళ్లీ మొదలుపెట్టింది. నేను ఆ లేబుల్‌ను ఎన్నిసార్లు చదివానో నాకే తెలియదు, అయినా ఆవిడ కళ్లతో పాటు నేనూ ఒక్కో మాటా దాటాను.

"కెన్ వి గెట్ ఇట్, అమ్మా?" అంది పాప.

ఆవిడ సీసాను నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "కొన్నాళ్లు పోనివ్వండి ఆంటీ" అంది.

"కానీ తల్లీ. నీ ఇష్టం" అన్నారు ఆంటీ.

వాళ్లు కూరగాయల వైపు వెళ్లిపోయారు. ఆంటీ సీసాను వరసలో పెట్టి, నీళ్లు తాగి, కుర్చీలో కూలబడ్డారు. నేను మిగిలిన పెట్టె దించడానికి కారు దగ్గరికి వెళ్లాను.