పాలు కాగేదాకా

హోటల్ కాక పోయాడన్న కబురు నాకు బస్సు డ్రైవర్ చెప్పాడు. ఆసిఫాబాద్‌లో నేను పనిచేసే బడి ముందు బస్సు ఆపి, దిగివచ్చి, "కాక పొద్దుగాల పోయిండు బిడ్డా" అన్నాడు. పాఠం మధ్యలోనే వదిలి అదే బస్సెక్కాను.

జైనూర్ దారిన పోయినవాళ్లకు ఆ హోటల్ గుర్తుండే ఉంటుంది. మా ఊరి వాగు అవతల, రోడ్డు పక్కన కాక పొయ్యి పెట్టేనాటికి అక్కడ అడవి తప్ప ఏమీ లేదట. మూడు రాళ్లు, బండ్లవాళ్లకు చాయ్, అంతే. తర్వాత పైన రేకులు వచ్చాయి, టేకు బల్లలు వచ్చాయి, సర్కారు బస్సు వచ్చింది. అంగడి నాడు గోండులు, లంబాడీలు, బట్టల మూటలతో నేతవాళ్లు ఆ బల్లల మీదే కూర్చునేవారు. దర్జీ, మంగలి, చివరికి చిన్న బడి కూడా ఆ పొయ్యి పక్కకే చేరాయి. అట్లా ఒక ఊరైంది. ఇప్పుడు తలుచుకుంటే అంతా పొద్దుటి మంచులో చూసినట్టే ఉంటుంది. ముందు పొగ వాసన, తర్వాత కాక దగ్గు, ఆ తర్వాతే హోటల్ కనబడేది.

కాకకు కోపం ఎక్కువ. చక్కెర తక్కువైందంటే "గిది చాయ్, షర్బత్ కాదు" అని కసిరేవాడు.

నన్ను ఆసిఫాబాద్ బడిలో చేర్చుకునే ఆఖరి రోజున ఒకటే వాన. రోజుకు ఒక్కటే బస్సు. వాగు దాటేసరికే ఆలస్యమైంది. మా బాపు వెనక పరుగెత్తుతూ, బస్సు పోయే ఉంటుందని ఏడ్చాను. పోలేదు. అప్పుడూ ఈ డ్రైవరే, బల్ల మీద కూర్చుని విసుక్కుంటున్నాడు.

"ఇంకెంత సేపు కాకా?"

"పాలు కాగలే డ్రైవర్ సాబ్. కట్టెలు తడిసినయి, నేనేం చెయ్యాలె? చాయ్ తాగకుండ ఘాట్ ఎక్కుతవా?"

పొయ్యి వైపు చూశాను. కట్టెలు తడిసిందేమీ లేదు. మండుతున్నవాటిని బయటికి గుంజి పక్కన పెట్టాడు. వాగు ఒడ్డున మా గొడుగును దూరం నుంచే చూసినట్టున్నాడు. ఏమీ ఎరగనట్టు వాటిని మళ్లీ లోపలికి తోసి, "జల్ది ఎక్కు బిడ్డా. బస్సుదేమున్నది, మనిషి రావాలె గని" అన్నాడు.

ఆ చదువుతోనే పంతులమ్మనయ్యాను. ఆ మాట ఆయనతో ఒక్కసారీ అనలేదు. అనాల్సింది.

మేం చేరేసరికి కాకను మట్టి చేసి వచ్చారు. మర్నాడు పొద్దున తిరుగు బస్సు హోటల్ ముందు ఆగింది. పొయ్యి చల్లగా ఉంది. డ్రైవర్ దిగి తన బల్ల మీద కూర్చున్నాడు.

"కట్టెలు గుంజేది నాకు ఎరుక లేదనుకున్నడు బిడ్డా" అన్నాడు.

కండక్టర్ రెండుసార్లు విజిల్ వేశాడు. డ్రైవర్ లేవలేదు.

"జర ఆగు. ఎవరన్న వస్తుండచ్చు."

 మంచులో కనబడని ఆ వాగు దారి వైపే బస్సులో అందరం చూస్తూ కూర్చున్నాం.