కాళ్ళ మాస్టారి జోలపాట

పారిస్‌లో ఆ పెద్ద ఒపేరా హాలు వెనక గుమ్మం దగ్గరి కాపలావాడి నుంచి, పైన పరదాలు లాగే కూలీల దాకా అందరూ ప్రోస్పెర్ గిబాల్‌ని 'కాళ్ళ మాస్టారు' అనేవాళ్ళు. మొహమ్మీద అనేవాళ్ళు కాదు, ఆయనకి వినపడేంత దూరంలో నిలబడి అనేవాళ్ళు. నాట్యకత్తెల కాళ్ళకి సంగీతం కట్టేవాడు కాబట్టి కాళ్ళ మాస్టారు. గొంతులకి కట్టేవాళ్ళు వేరే ఉన్నారు. వాళ్ళకి గుర్రబ్బండ్లుండేవి, కోటుమీద సర్కారువారిచ్చిన బిరుదు ఎర్ర రిబ్బన్లుండేవి. ఈయనకి ఒక ఫిడేలు, మోచేతుల దగ్గర అరిగి మెరిసే కోటు ఉండేవి. భార్య ఒర్తాన్స్‌కి ఆ పేరు చెవిన పడినప్పుడల్లా ఒళ్ళు మండిపోయేది.

ఒర్తాన్స్ పెళ్ళికి ముందు అదే హాల్లో కోరస్‌లో పాడేది. ఒక చలికాలం గొంతుకి జబ్బు చేసింది. తగ్గాక చూసుకుంటే పైస్వరాలు పోయాయి. పైస్వరాలు పోయిన ఆడదానికి కోరస్‌లో ఏం పని? ఇంటికి పొమ్మన్నారు, ఆవిడ వచ్చేసింది. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ మిగిలిన కింది స్వరాలతోనే ఏదో ఒకటి కూనిరాగం తీసేది. ప్రోస్పెర్‌కి ఆ బొంగురు గొంతంటే ప్రాణం.

ఆయన చేతకానివాడేం కాదు. అమియాన్ అనే ఊళ్ళో చర్చి ఆర్గన్ వాయించుకునే మనిషి కొడుకు, పారిస్ వచ్చి చదివి రోమ్ బహుమతి కొట్టినవాడు. ఆ బహుమతి వచ్చిన కుర్రాణ్ణి కొన్నేళ్ళు రోమ్‌లో కూర్చోబెట్టి తిండి పెట్టి రాసుకోమంటారు. తిరిగొచ్చాక వాడి దారి వాడిది. ఇక ఒపేరా హాళ్ళు నడిపే డైరెక్టర్ల మెట్లు ఎక్కడం, దిగడం. ప్రోస్పెర్‌కి కాళ్ళరిగేలా తిరిగాక ఒక్క అంకం దక్కింది, అదీ అసలు ఆటకి ముందు ఆడే చిన్న ముక్క. జనం టోపీలు తీసుకుంటూ, సీట్లు దబదబా దించుకుంటూ, పక్కవాళ్ళ క్షేమసమాచారాలు కనుక్కుంటూ ఉంటే, ఆ సందట్లో ఆయన తొలి ఒపేరా మొదలై అయిపోయింది. మర్నాడు పేపర్లో దాని గురించి ఒక్క ముక్క లేదు. తిట్టినా బాగుండునని ఆయన చాలాసార్లు అన్నాడు.

ఆ రోజుల్లోనే బలాందియే అనే డాన్స్ మాస్టరు ఆయన్ని పట్టుకున్నాడు. బలాందియే తన ముఖ్య నాట్యకత్తె జెలీని ముందు నిలబెట్టి, చేతికర్రతో నేలమీద కొడుతూ, జెలీ ఇక్కడ తిరుగుతుంది, ఇక్కడ ఎగురుతుంది, ఇక్కడ మూర్ఛపోతుంది, మధ్యలో ఏదో ఒకటి నింపు అని చెప్పేవాడు. ప్రోస్పెర్ అక్కడికక్కడే ఫిడేలు మీద నింపేసేవాడు. దేవకన్యలకి నింపాడు, సముద్రపు దొంగలకి నింపాడు, పిండిమరలో పనిచేసే పిల్లలకి నింపాడు. నలుగురి నోళ్ళలో నానాడు, ఆదివారాలు ఇంట్లో కుందేలు మాంసం వండుకోగలిగారు. అంత కడుపు నిండాక కూడా ఆ మనిషికి ఒపేరా ఆకలి తీరలేదు.

వాళ్ళకి ఒక కొడుకు, గాస్తోన్. గొంతువాపు జబ్బుతో మూడోయేడు నిండకుండానే పోయాడు. ఆఖరి రాత్రుళ్ళు ఒర్తాన్స్ వాణ్ణి భుజాన వేసుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతూ ఒక జోల పాడేది. దానికి మాటలు లేవు, కింది స్వరాల్లో అటూ ఇటూ ఊగే మూడు దెబ్బల రాగం అంతే. వాణ్ణి పాతిపెట్టి వచ్చిన రోజున ప్రోస్పెర్ ఏడవలేదు. బల్ల దగ్గర కూర్చుని ఆ జోలని కాగితం మీద పెట్టాడు. ఒర్తాన్స్ అది చూసి చాలాసేపు ఏడ్చింది, కానీ వద్దనలేదు.

ఆ జోల చుట్టూ ఆయన ఏళ్ళ తరబడి ఒక ఒపేరా అల్లాడు. పేరు 'ముట్టడి'. శత్రువులు చుట్టుముట్టిన ఊళ్ళో ఒక తల్లి. కొడుకు శత్రు సైన్యంలో ఉన్నాడు. వాడొక్కణ్ణీ చూసుకోవాలని ఆ తల్లి కోట తలుపు తీస్తుంది. ఊరివాళ్ళు వాణ్ణి అక్కడే పొడిచేస్తారు. నాలుగో అంకం చివర తల్లి వాణ్ణి ఒళ్ళో పెట్టుకుని ఆ జోల పాడుతుంది. మిగతాదంతా ఏమైనా సరే, ఆ జోల నిండు హాల్లో, కిక్కురుమనని నిశ్శబ్దంలో ఒక్కసారి వినపడితే చాలునని మొగుడూ పెళ్ళాలిద్దరూ అనుకున్నారు. వాళ్ళ పిల్లవాడికి ఈ లోకంలో మిగిలింది అదొక్కటే.

చివరికి డైరెక్టరు విన్నాడు, బాగుందన్నాడు. తర్వాత చుట్ట వెలిగించుకుని, "అంతా బాగుంది మాస్టారూ. డాన్సేదీ?" అని అడిగాడు.

"ఊరు ఆకలితో చస్తోందండీ. డాన్స్ ఎవరు చేస్తారు?"

"చస్తున్నవాళ్ళనే చెయ్యమనండి. చూసేవాళ్ళు మాత్రం కడుపు నిండా తినే వస్తారు."

ఆ మాటకి తిరుగులేదు. హాల్లో ప్రత్యేకం అరలు, ఆ బాక్సులు, కొనుక్కున్న దొరలు తీరిగ్గా భోంచేసి మూడో అంకానికి గానీ రారు. వచ్చి తాము ఉంచుకున్న నాట్యకత్తెలు ఎగురుతుంటే చూసి, నాలుగో అంకానికి వాళ్ళని వెంటబెట్టుకుని వెళ్ళిపోతారు. వాళ్ళకోసం మూడో అంకంలో డాన్స్ ఉండి తీరాలి. ప్రోస్పెర్ పళ్ళు కొరుక్కుంటూ శత్రువుల గుడారాల్లో ఒక విందు పెట్టి, డాన్స్ కట్టాడు.

ఎన్నడూ లేనిది, ఈసారి ఆయన చెయ్యి ఆడలేదు. గిరగిరా తిరుగుతూ ఆడే వాల్ట్జ్ ఒకటి ఇస్తే జెలీ వద్దంది. ఇంకొకటి ఇస్తే అదీ కాళ్ళకెక్కడం లేదంటూ కూర్చుని బూట్ల తాళ్ళు విప్పేసుకుంది. శనివారానికల్లా వాల్ట్జ్ రాకపోతే ఒపేరా వచ్చే ఏటికి పోతుందని బలాందియే చెప్పేశాడు. వచ్చే ఏటికి ఈ డైరెక్టరు ఉంటాడో ఊడతాడో ఎవరికి తెలుసు? ప్రోస్పెర్ ఫిడేలు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఏమీ తోచక వేళ్ళు వాటంతటవే జోలమీదికి వెళ్ళాయి. మూడు దెబ్బల జోల, మూడు దెబ్బల వాల్ట్జ్. కాస్త తొందరపెట్టాడు. ఇంకాస్త పరుగెత్తించాడు. జెలీ లేచి నిలబడింది. బలాందియే కర్ర అవతల పారేసి ఆయన్ని కావలించుకుని రెండు బుగ్గలమీదా ముద్దుపెట్టుకున్నాడు.

ఆ సాయంత్రం ఆయన ఇంటికొచ్చి కోటు విప్పకుండానే సంగతి చెప్పాడు. చెబుతూనే దానికో సమర్థన కూడా అల్లుకున్నాడు. జనం ముందు ఆ రాగాన్ని విందులో సంతోషంగా వింటారు, తర్వాత అదే రాగం తల్లి నోట వినేసరికి గుండె చెరువైపోతుంది, పెద్ద పెద్దవాళ్ళు చేసే పనే ఇది అన్నాడు. ఒర్తాన్స్ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"జనం ఏది ముందు వింటే అదే వాళ్ళకి పాట, ప్రోస్పెర్. నువ్వు వాడి జోలని జెలీ కాళ్ళకి కట్టావు."

"నాలుగో అంకం దాకా ఆగు. అప్పుడు చూద్దువుగాని."

"ఆగుతాను. నాకు వేరే పనేముంది?" అని ఆవిడ గరిట తొట్టిలో పడేసి ఇవతలికి వచ్చేసింది. ఆ రాత్రి ఇద్దరూ సూపు తాగలేదు.

మొదటి ఆట రోజున ఒర్తాన్స్ పైన చవక సీట్లలో కూర్చుంది. మూడో అంకంలో జెలీ వాల్ట్జ్ చేస్తుంటే హాలు ఊగిపోయింది. మళ్ళీ అన్నారు, మళ్ళీ చేయించారు, పూలు విసిరారు. నాలుగో అంకానికి బాక్సులు సగానికి పైగా ఖాళీ. తల్లి వేషం వేసినావిడ మంచి పాటగత్తె. కొడుకు తలని ఒళ్ళో పెట్టుకుని జోల మొదలుపెట్టింది. మొదటి వరస పూర్తికాకుండానే కింద ఎవరిదో కాలు తాళం వేసింది. తర్వాత ఇంకొకరిది. ఎవరో కూనిరాగం అందుకున్నారు. ఒర్తాన్స్ పక్కవరసలో ఒకడు నోటికి చేతులడ్డం పెట్టి, "జెలీ ఎక్కడ?" అని అడిగాడు. పై సీట్లన్నీ గొల్లుమన్నాయి. ఆ కాళ్ళ చప్పుడుకి వాద్యగాళ్ళు కూడా తమకి తెలియకుండానే వేగం పెంచేశారు. తల్లి చచ్చిన కొడుకుని ఒళ్ళో పెట్టుకుని వాల్ట్జ్ పాడి ముగించింది.

ఇంటికొచ్చాక ప్రోస్పెర్ తప్పంతా వాద్యబృందం నడిపినవాడి నెత్తిన వేశాడు. ఒర్తాన్స్ ఒక్క మాటన్నా బాగుండేది. ఆవిడ దీపం తీసుకుని పక్కగదిలోకి వెళ్ళి పడుకుంది.

తర్వాత కోతలు మొదలయ్యాయి. నవ్వుతున్నారని ముందు నాలుగో అంకం తీసేశారు. ఆ అంకం లేకపోతే మొదటిది దేనికని అదీ తీసేశారు. వసంతం వచ్చేసరికి 'ముట్టడి'లో మిగిలింది మూడో అంకంలోని డాన్స్ మాత్రమే. దాన్ని ఇంకెవరిదో చిన్న ఒపేరా తోకకి కట్టి ఆడించారు. అది ఏళ్ళ తరబడి ఆడింది. వీధుల్లో పిడి తిప్పి వాయించే పెట్టె బాజాల్లోకి ఎక్కింది, పెళ్ళివిందుల్లోకి ఎక్కింది. పక్కింటి పిల్ల పియానో నేర్చుకుంటూ రోజూ పొద్దున్నే దాన్ని గోడవతల తప్పుల్తో చితక్కొట్టేది. దాని పుణ్యమా అని వాళ్ళు మంచి ఇంట్లోకి మారారు. వీధిలో బాజావాడు ఆ పాట ఈయనదేనని కనిపెట్టి, ప్రోస్పెర్ కిటికీ దగ్గరికి వస్తే టోపీ తీసి మరీ ఇంకోసారి వాయించేవాడు. కడుపులో కత్తి పెట్టి తిప్పుతున్నవాడికి ఈయన పైనుంచి చిల్లర విసిరేవాడు.

ఆయన మళ్ళీ ఒపేరా జోలికి పోలేదు. ఆవిడ మళ్ళీ కూనిరాగం తీయలేదు. ఆ ఇంట్లో ఇద్దరు సంగీతం తెలిసిన మనుషులు ఇరవై ఏళ్ళు మూగగా భోంచేశారు.

చివరి జబ్బులో ప్రోస్పెర్ ఒకరోజు ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"ఒర్తాన్స్, నేను పోయాక చర్చిలో ఆ జోలని వాయించమను. దాని అసలు నడకలో. చర్చిలో ఎవరూ డాన్స్ చెయ్యరు కదా."

ఆవిడ కోపమంతా ఏమైందో ఆవిడకే తెలియదు. అలాగేనంది. ఆయన పోయిన మర్నాడు నల్ల ముసుగు వేసుకుని వీధి చివరి చర్చిలో ఆర్గన్ వాయించే ఆయన దగ్గరికి వెళ్ళింది. ఆయనకి వాల్ట్జ్ తెలుసు, ఎవరికి తెలియదు? జోల ఉందని మాత్రం ఎన్నడూ వినలేదు.

"అదే. నెమ్మదిగా వాయించండి," అంది ఒర్తాన్స్.

"ఎంత నెమ్మదిగానమ్మా?"

"పిల్లాడు నిద్రపోయేంత."

వాల్ట్జ్ కట్టినాయన పోయాడని పేపర్లలో పడేసరికి చర్చి నిండిపోయింది. బతికున్నప్పుడు ఆయన కోసం అంతమంది ఒక్కచోట ఎప్పుడూ చేరలేదు. లావెక్కిన జెలీ వచ్చింది. బలాందియే కర్ర ఊతంతో వచ్చాడు. ప్రార్థన అయ్యాక ఆర్గన్ మొదలైంది. ఆ వాయించే మనిషి మాట నిలబెట్టుకున్నాడు. కింది స్వరాల్లో, ఎక్కడా తొందర లేకుండా, పిల్లవాణ్ణి భుజాన వేసుకుని గదిలో నడిచినట్టే నడిపించాడు. దగ్గేవాళ్ళు దగ్గడం మానేశారు. నిండు జనం, కిక్కురుమనని నిశ్శబ్దం. ఇన్నేళ్ళకి అనుకుంది ఒర్తాన్స్. ముసుగు కింద కళ్ళు మూసుకుని, గాస్తోన్ మొహం కోసం వెతుక్కుంది.

అంతలో ఎవరో కాలితో తాళం వేస్తున్న చప్పుడు. మెత్తగా, రాతినేల మీద, బూటు మడమతో. ఆర్గన్ కోసం ఆగకుండా ముందుకు పరుగెడుతున్న వాల్ట్జ్ తాళం. ఆవిడకి ఒళ్ళంతా భగ్గుమంది. ఇక్కడ కూడానా? గిర్రున వెనక్కి తిరిగి చూసింది. జెలీ తల వంచుకుని కన్నీళ్ళు తుడుచుకుంటోంది. బలాందియే కర్ర కదలడం లేదు. ఆ వరసలో గానీ, దాని వెనక వరసలో గానీ ఎవరూ కదలడం లేదు.

చప్పుడు మాత్రం ఆగలేదు. ఒర్తాన్స్ కిందికి చూసుకుంది. నల్లగౌను అంచు కింద తన కాలే లేస్తోంది, పడుతోంది. ఆవిడ మోకాలిమీద రెండు చేతులూ వేసి నొక్కింది. పాట అయిపోయేదాకా అలాగే నొక్కిపట్టుకుని కూర్చుంది.