నర్సయ్య బావ ప్రయాణపు తాడు

మా అక్క తల మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేసి ఈ వ్యాసం మొదలుపెడుతున్నాను. ఇందులోని ప్రతి అక్షరమూ సత్యం. ఈ ప్రమాణం నేను కోరి చేసింది కాదు. అక్కే నా చెయ్యి లాగి తన నెత్తి మీద పెట్టుకుని చేయించింది. "నీ సంగతి నాకెరుకే తమ్మీ. నాలుగు నిజాలకు నలభై కలుపుతవ్. ఆయన గురించి మాత్రం జరిగింది జరిగినట్టు రాయి," అన్నది. పద్దెనిమిదేండ్లుగా బస్సు కండక్టరుగా టికెట్టుతో పాటు ఒక కథ కూడా చించి ఇస్తున్నవాడిని నేను. అయినా అక్క తల మీద చేసిన ప్రమాణం కనుక పాఠకులు నిశ్చింతగా నమ్మవచ్చు.

మా బావ, ఓరుగల్లు కొత్తవాడలో జంపఖానాలు నేసే నర్సయ్య గారు, పోయిన నెల పరమపదించారు. పొద్దున్నే బస్టాండులో చాయ్ తాగుతుండగా తోటి కండక్టరు వచ్చి నా భుజం మీద చెయ్యి వేశాడు. "మీ నర్సన్న మగ్గం మీదనే ఒరిగిండట," అన్నాడు. నేను నవ్వాను. జీవితమంతా కట్టుకథలు చెప్పినవాడికి భగవంతుడు విధించే శిక్ష ఇదే కాబోలు. దుర్వార్త వచ్చినా అది ఎవరో అల్లిన కథేనని మనసు మొరాయిస్తుంది. అతని ముఖంలో నవ్వు లేకపోవడం చూశాక చేతిలోని గ్లాసు ఎక్కడ పెట్టానో నాకు జ్ఞాపకం లేదు. వెళ్లేసరికి బావను చాప మీద పడుకోబెట్టి ఉన్నారు. మగ్గం మీద సగం నేసిన జంపఖానా, ఎర్ర చార దగ్గర ఆగిపోయి ఉంది.

ఆయన దేహం చిన్నది, మాట అంతకంటే చిన్నది. సత్యనిష్ఠ మాత్రం ఆ ఇంట్లో పట్టనంత పెద్దది. ఒకసారి హనుమకొండ నుంచి ఒక పెద్దమనిషి బిడ్డ పెండ్లికని పది జంపఖానాలు కొనడానికి వచ్చాడు. "రంగు దిగుతదా?" అని అడిగాడు. "రెండు ఉతుకులకు ఎరుపు జర దిగుతది సార్. మూడోదానికి ఆగుతది," అన్నాడు బావ. ఆయన పది కొనవలసినవాడు రెండే కొని వెళ్లిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"ఎవడన్న గిట్ల చెప్పుకుంటడా బావా?"

"సూసింది చెప్పిన. కొనుడు ఆయన ఇష్టం."

"సూడంది ఒక్కటన్న ఎన్నడన్న చెప్పినవా?"

"గది నీ డ్యూటీ బామ్మర్దీ. ఒక ఇంట్ల ఇద్దరు కండక్టర్లు ఎందుకు?"

ఈ సత్యనిష్ఠ పెండ్లయిన కొత్తలోనే అక్కకు అనుభవమైంది. అక్క ఐదో తరగతి దాకా చదివింది. ఆ ఐదేండ్ల చదువులో ఆమెకు మిగిలింది ఒకే ఒక బొమ్మ, భూగోళం పుస్తకంలోని మంచుకొండ. కింద నేపాల్ అని రాసి ఉండేదట. ఓరుగల్లు ఎండల్లో పెరిగిన పిల్లకు కొండంత మంచు అంటే నమ్మకం కుదరలేదు. "గది నిజంగ ఉంటదా?" అని కొత్త పెండ్లికొడుకును అడిగింది. ఇంకొకరైతే ఉంటది అని ఊరుకునేవారు. బావ ఆలోచించి, "నేను సూడలె. ఇద్దరం పోయి సూద్దం," అన్నాడు. ఆయన నోట వచ్చిన మాట కనుక అది ఆ నిమిషం నుంచే ఒక వ్రతమైంది.

ఇద్దరు బిడ్డలు సుజాత, పద్మ పుట్టి బడికి పోతున్న రోజుల్లో, డెబ్బై ఐదో సంవత్సరంలో అనుకుంటాను, ఆయన నన్ను వెంటబెట్టుకుని హనుమకొండలో ప్రయాణాల ఆఫీసుకు వెళ్లాడు. ఆ రోజుల్లో ఫారిన్ అంటే డాక్టర్లు పోయేది. కుర్చీలోని గుమాస్తా మా చెప్పుల దగ్గర మొదలుపెట్టి పైదాకా చూశాడు.

"పాస్‌పోర్టు ఉందా?"

"రేషన్ కార్డున్నది సార్."

"ఎక్కడికి పోవాలి?"

"కొండ మీద మంచు ఉండె దేశం ఏదైన సరే. మేం నలుగురం. బడి సెలవులల్ల పోయి, బడి తెరిచేటాల్లకు రావాలె."

గుమాస్తా వెటకారంగానే అన్నాడు గానీ, అది మా పాలిట ఉపదేశమైంది. "అయితే నేపాల్ పొండి. ఏ కాగితమూ అక్కర్లేదు. మన రూపాయే చెల్లుతుంది." బావ ఆయనకు రెండు చేతులెత్తి నమస్కారం పెట్టాడు. బయటికి వచ్చాక ఒక్కటే మాట అన్నాడు: "ఇగ తాడు పేనాలె."

ఆ తాడు గురించి చెప్పకపోతే బావ గురించి చెప్పనట్టే. మగ్గం మీద మిగిలిన పోగులు మూడు రంగులవి తీసి, మూడు పాయలుగా పేని, మగ్గం గుంజకు వేలాడదీశాడు. ఎరుపు పాయ పోవడానికి. నీలం పాయ తిండికి, బసకు. పచ్చ పాయ వాపసు రావడానికి. ఇల్లు గడవగా ఏ కొంచెం మిగిలినా ఒక నోటు అక్క పెట్టెలోకి పోయేది, ఆ రంగు పాయకు ఒక ముడి పడేది. పెట్టెలోది ఖర్చయితే ముడి విప్పాలి. లెక్క చూడాలంటే ఆయన కండ్లు మూసుకుని తాడును వేళ్లతో తడిమేవాడు. "మొదాలు పచ్చ నిండాలె. పిల్లలను తోల్కపోవుడు గొప్ప గాదు, తోల్కచ్చుడు గొప్ప," అనేవాడు. పచ్చ ముడి ఏ కష్టంలోనూ విప్పకూడదన్నది ఆయన రాజ్యాంగం.

ఎరుపూ నీలమూ మాత్రం ఎన్నిసార్లు విప్పుకున్నాయో చెప్పలేను. ఒక ఏడు వానకు కప్పు కూలింది. ఒక ఏడు సుజాతకు నల్లబల్ల కనబడటం లేదని తెలిసి కండ్లద్దాలు కొన్నారు. మరో ఏడు నాకు టైఫాయిడ్ వచ్చి దవాఖానలో పడ్డాను. ఆ ఏడు నేను మింగిన మాత్రలన్నీ రైలు టికెట్లే. లేచి కూర్చున్నాక సిగ్గుతో, "నా వల్ల ఆగిపాయె బావా," అన్నాను. "రైలు ఏడికి పోతది? మల్ల వస్తది. నువ్వు పోతే రావు," అన్నాడు. అంతకంటే లాలనగా నాతో ఎవరూ మాట్లాడలేదు.

ప్రయాణం వేసవి సెలవుల్లోనే జరగాలి. "బడి ఎగ్గొట్టి సూసె కొండ నాకొద్దు," అనేవాడు. దసరా సెలవులున్నాయి కదా అంటే, బతుకమ్మను విడిచి అక్క గడప దాటదు, జంపఖానాలు అమ్ముడుపోయే రోజులూ అవే. కనుక ప్రతి ఏడూ మే నెల రాగానే వాడకట్టంతా పరాచికాలాడేది. "నర్సన్నా, ఈ ఏడన్న ఫారిన్ ఉన్నదా?" బావ కోపగించుకోకుండా తాడు తడిమి, "ఈ ఏడు లేదు," అని జవాబిచ్చేవాడు. ఆరేండ్లు అలాగే గడిచి, ఏడో వేసవిలో తడిమి తడిమి, "ఉన్నది," అన్నాడు. అక్క వంటింట్లోంచి పిండి చేతులతోనే బయటికి వచ్చింది.

నేపాలీ వచ్చని అబద్ధమాడి దుబాసీగా నేనూ బయలుదేరాను. సర్వపిండి, పచ్చడి, కిరోసిన్ పొయ్యి, పరుపులకు బదులు రెండు కొత్త జంపఖానాలు, బావ మొలకు చుట్టుకున్న తాడు. ఇదీ మా సామాను. కాజీపేటలో ఎక్కి, ఎక్కడెక్కడో మారి, సరిహద్దు ఊరు రక్సౌల్ చేరేసరికి నాలుగు రోజులు. చివరి రైలు ఎంత నెమ్మదిగా పోయిందంటే, ఒక మేక కిటికీ పక్కన రెండు స్టేషన్ల దూరం మాతో నడిచి, విసుగుపుట్టి ముందుకు వెళ్లిపోయింది. సరిహద్దు టాంగా మీద దాటాము. "ఫారిన్ వచ్చిందా బాపు?" అని పద్మ అడిగితే, బావ టాంగా దిగి, నేల మీద నిలబడి, ఆ మట్టిని కాలితో తొక్కి చూసి, "వచ్చింది బిడ్డా," అన్నాడు.

అక్కడి నుంచి బస్సులో పోయి ఖాట్మండులో ధర్మశాలలో దిగాము. నీలం ముడులు రెండు పొద్దులకే సరిపోతాయి. ఊరి బయట గుట్ట ఎక్కితే మంచుకొండలు కనబడతాయన్నారు. మొదటి పొద్దు ఎక్కితే పొగమంచు. రెండో పొద్దు ఎక్కితే వాన. గుట్ట మీద చాయ్ అమ్మే ఆమె హిందీలో, "వేసవిలో వచ్చారేం? ఈ రోజుల్లో కొండ కనబడదు. దసరాకు రావలసింది, ఆకాశం అద్దంలా ఉంటుంది," అన్నది. బావ నా ముఖం చూశాడు. "ఏమంటాంది?" ఆరేండ్ల ముడులు నా కండ్ల ముందు కదిలాయి. "రేపు పక్కా కనవడుతదట బావా," అని అనువదించాను. ఆయన ఆ సాయంత్రం ధర్మశాల కాపలాదారుకు రెండు జంపఖానాలూ ఇచ్చేసి, మా ఐదుగురికి ఇంకొక పొద్దు కొన్నాడు. ఆ రాత్రి ఉత్త బండల మీద పడుకున్నాము. చలికి పిల్లలు చెరొక పక్క ఆయనను కరుచుకున్నారు.

మూడో పొద్దు. గుట్ట మీద నిలబడ్డాము. ఎదురుగా దూది ఏకినట్టు మబ్బు. గంట గడిచింది. అక్క కొంగు కప్పుకుని కదలకుండా నిలబడింది. నేను చాయ్ అంగడి వైపు చూడలేక నేల చూపులు చూస్తున్నాను. అప్పుడు చూశాను, బావ చెయ్యి అంగీ కిందికి పోయింది. వేళ్లు తాడును తడుముతున్నాయి. ఎరుపులో ముడులు మిగల్లేదు, నీలంలోనూ మిగల్లేదు. వేళ్లు పచ్చ పాయ దగ్గర ఆగాయి. ఒక ముడిని గోటితో వదులు చేస్తున్నాడు. అది విప్పితే టికెట్లకు తక్కువ పడుతుంది, బడి తెరిచే నాటికి పిల్లలు ఓరుగల్లు చేరరు. ఆ సంగతి ఆయనకంటే ఎక్కువ ఎవరికి తెలుసు? సరిగ్గా ఆ క్షణంలో మబ్బు రెండుగా చీలింది. నింగికి నిచ్చెన వేసినట్టు తెల్లని శిఖరం, మొదటి ఎండకు బంగారు పూత పూసుకుని, చాయ్ చల్లారేంతసేపు నిలిచి, మళ్లీ తెర వేసుకుంది. "అగో," అన్నది అక్క. "గదే. బొమ్మల ఉన్నట్టే ఉన్నది." బావ చెయ్యి పచ్చ ముడిని వదిలేసింది. "సాలు. ఇగ పోదం," అన్నాడు.

బడి తెరిచిన రోజున సుజాత, పద్మ మొదటి బెంచీలో కూర్చున్నారు. నర్సయ్య ఫారిన్ పోయొచ్చాడని కొత్తవాడ అంతా మా ఇంటికి వచ్చింది. ఎవరు అడిగినా ఆయన రైలు చెప్పేవాడు, టాంగా చెప్పేవాడు, చలి చెప్పేవాడు. "కొండ ఎట్లున్నది నర్సన్నా?" అంటే మాత్రం మగ్గం మీద కూర్చుంటూ, "మా ఇంటామెనడుగుండ్రి. ఆమె సూసింది," అనేవాడు. భార్య ముచ్చటను భార్య నోటనే చెప్పించే మర్యాద అది అని అందరూ మెచ్చుకునేవారు. అక్క చెప్పేది. ఏటేటా ఇంకొంచెం వివరంగా చెప్పేది.

ఇప్పుడు ప్రమాణం సంగతి. ఇదంతా రాసి మొన్న అక్కకు చదివి వినిపించాను. మేక దగ్గర నవ్వింది. మేక నిజమే, ఎవరు నమ్మినా నమ్మకపోయినా. కొండ దగ్గరికి వచ్చేసరికి అక్క తలెత్తింది.

"మబ్బు చీలిందని రాసినవా?"

"రాసిన."

"నా నెత్తి మీద చెయ్యి పెట్టి రాసినవ్ తమ్మీ."

కనుక ఒప్పుకుంటున్నాను. మబ్బు చీలలేదు. శిఖరం లేదు, బంగారు పూత లేదు. ఈ వ్యాసంలో నేను కల్పించింది ఆ రెండు మూడు వాక్యాలే. ఆయన గోరు పచ్చ ముడి మీద పడటం నేను చూసినట్టే అక్కా చూసింది. చూసి, ఉత్త తెల్లటి మబ్బులోకి వేలు చూపి, "అగో, గదే," అన్నది. పిల్లలు "ఏదమ్మా?" అనబోతే నేను వాళ్ల భుజాలు నొక్కాను. ఆ ఒక్క మాటతో మేమంతా ఇల్లు చేరాము. ఇంట్లో కండక్టరును నేనొక్కడినే అనుకున్నాను. నాకంటే సీనియరు ఇంకొకరున్నారని ఆ గుట్ట మీద తెలిసింది.

"బావ ఉన్నన్ని రోజులు చెప్పలె. ఇప్పుడు రాయాల్నా అక్కా?" అన్నాను. "రాయి. ఆయన లేడు గద," అన్నది. తర్వాత మగ్గం గుంజ వైపు చూసింది. అక్కడ తాడు ఇంకా వేలాడుతూనే ఉంది. వాపసు ఖర్చుకు మిగతా ముడులన్నీ విప్పినా బావ ఒక్కటి మాత్రం విప్పలేదు. చివర ఆ పచ్చ ముడి, గోటితో సగం వదులు చేసి విడిచిపెట్టింది, అలాగే ఉంది.

ఆయనకు తెలుసునా? నాకు నిశ్చయంగా తెలియదు. ఆ పొద్దు అక్క వేలు చూపినప్పుడు ఆయన కొండ దిక్కు చూడలేదు, అక్క ముఖం దిక్కు చూశాడు. చూడనిది చెప్పని మనిషి, చచ్చేదాకా "నేను సూసిన" అనలేదు. "ఆమె సూసింది" అన్నాడు.

ఆ సత్యమూర్తికి ఈ అసత్యవాది నమస్కారం. ఆ మంచుకొండా మా బావా ఇప్పుడు ఒక్కటే నాకు. రెండూ నా కంటికి కనబడవు. ఉన్నాయనడానికి అక్క మాటే సాక్ష్యం. అది చాలు.