తమ్ముడి చేన్లో నా పెట్రోలు బంకు

బంకు నాదే. కాగితాల్లో నా పేరే, కుర్చీలో కూర్చునేదీ నేనే. అయినా ఎవరైనా "ఓనరమ్మా" అని పిలిస్తే ఇప్పటికీ తల వంగిపోతుంది.

మా ఆయన పోయాక కూతుర్ని వెంటబెట్టుకుని కుప్పం నుంచి పుంగనూరు దగ్గరున్న తమ్ముడింటికి వచ్చేశాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో మదనపల్లె రోడ్డు మీద పెట్రోలు బంకు ఇస్తామని ప్రకటన పడింది. భర్త లేని ఆడవాళ్లకు ముందు అవకాశమట. తమ్ముడు ఆ పేపరు పట్టుకుని ఎగురుకుంటూ వచ్చాడు.

"అక్కా, నువ్వు పేరుకుండు సాలు. తిప్పలన్నీ నేను పడతా."

భూమి కూడా నా పేరు మీదే ఉండాలన్నారు. రోడ్డు పక్కన తన భాగానికొచ్చిన చేను నాకు రాసిచ్చాడు. మరదలు ఏడ్చి మొత్తుకున్నా వినలేదు. "మాయక్క నన్ను మోసం జేస్తాదా?" అన్నాడు. ఆ మాట వంటింట్లో ఉన్న నాకు వినపడింది. వినపడకుండా ఉంటే ఎంత బాగుండేదో!

బంకు మాకే వచ్చింది. ఇక లోను. తాకట్టు అడక్కుండా, సర్కారు పూచీ మీద చిన్న వ్యాపారాలకు ఇచ్చే లోను. బ్యాంకులో నన్నే ప్రశ్నలడుగుతారని తమ్ముడు నాకు పాఠాలు మొదలుపెట్టాడు. ట్యాంకులో కడ్డీ దించి సరుకెంతుందో ఎట్లా చూడాలి, లారీ వస్తే ఏమేం సరిచూసుకోవాలి, నెలనెలా లోను కంతులెట్లా కట్టాలి. అంట్లు తోముతూ వల్లె వేసేదాన్ని. సిగ్గొదిలి చెప్తున్నా, మొగుడు పోయాక ఎప్పుడెప్పుడు తెల్లారుతుందా అనిపించింది ఆ రోజుల్లోనే.

మదనపల్లెలో మేనేజరు అడిగినవన్నీ చెప్పాను. చివరికి "బంకులో కూర్చునేది ఎవరమ్మా?" అన్నాడు.

"నేనే సార్" అన్నాను. అదీ తమ్ముడు నేర్పిందే. కానీ నోరు దాటాక అబద్ధంలా అనిపించలేదు.

తమ్ముడు టీ తాగడానికి బయటికి వెళ్లినప్పుడు మేనేజరు ఇంకో మాట చెప్పాడు. "సర్కారు పూచీ బ్యాంకుకమ్మా, నీకు కాదు. కంతులు కట్టకపోతే మేం వచ్చేది నీ గుమ్మానికే."

లోను మంజూరై బస్సులో తిరిగొస్తుంటే తమ్ముడు చెక్కు పుస్తకం నా ఒళ్లో పెట్టాడు.

"అన్నిట్లో సంతకాలు పెట్టియ్యక్కా. ఊరికే నిన్ను యాల తిప్పేది?"

"కంతులు కడతావా?"

"కట్టకపోతే ఏమైతాది? సర్కారు పూచీ ఉండాది గదా. వాళ్లే కట్టుకుంటారు పో!"

మేనేజరు చెప్పింది చెప్పాను. రేపు వాళ్లు నా గుమ్మానికొస్తే ఏం చేసేదిరా అన్నాను. పకపకా నవ్వాడు.

"నీకు గుమ్మం యాడుండాదక్కా?"

ఎగతాళికే అన్నాడు, చిన్నప్పట్నుంచీ వాడి నోరంతే. కానీ నాకు ఒళ్లంతా కారం పూసినట్టయింది. చెక్కు పుస్తకం కొంగులో చుట్టుకున్నాను. ఖాళీ చెక్కుల మీద ఆ రోజూ సంతకం పెట్టియ్యలేదు, ఆ తర్వాతా పెట్టియ్యలేదు.

బంకు తెరిచిన రోజు కుర్చీలో నేను కూర్చున్నాను. ఇద్దరం చూసుకుందాం రారా అని బతిమాలాను. "నా సేన్లో నేను నీకాడ జీతానికుండాల్నా? పాముకు పాలు పోస్తినే!" అని వెళ్లిపోయాడు. వాడన్నదాంట్లో తప్పేముంది? చేను వాడిది, తిరిగిన తిరుగుడు వాడిది, నాకొచ్చిన విద్య కూడా వాడిచ్చిందే. నేను మాత్రం మరదలి వంటింట్లోంచి బయటపడి, కూతుర్ని తీసుకుని వేరే ఇంట్లో చేరాను. కంతు ఏ నెలా తప్పలేదు. వాడి ముఖం తలుచుకోకుండా అన్నం తిన్న పూటా లేదు.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం, ఆగిపోయిన స్కూటరును నెట్టుకుంటూ వాడు బంకు ముందు నుంచే పోతున్నాడు. చొక్కా చెమటకు తడిసి వీపుకంటుకుంది. తల తిప్పలేదు. పుంగనూరు దాకా ఇంకో బంకు లేదు. సీసాలో పెట్రోలు పట్టుకుని వెంట పరుగెత్తాను.

"ఒరేయ్, ఆగరా! ఈ ఎండలో యాడికి పోతావు?"

ఆగాడు. నేనే ట్యాంకులో పోశాను. జేబులోంచి నోటు తీసి, "ఎంతమ్మా?" అన్నాడు.

అక్కా అనలేదు. రోడ్డున పోయే లారీ డ్రైవరు అడిగినట్టు అడిగాడు. వద్దురా అని వాడి చెయ్యి పట్టుకోవాల్సింది. నేను నోటు తీసుకుని, చిల్లర లెక్కబెట్టి వాడి చేతిలో పెట్టాను.