మునిగి లేచిన ముఖం

డేవిడ్‌రాజుకు కుడికన్ను పోయి ఏడాదయింది. ఎడమకంటికీ మసక మొదలైంది. కంటి నరం ఎండిపోతోందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ నెల్లూరు డాక్టరు చెప్పాడు. ఈ సంగతి భార్య కరుణశ్రీకి తప్ప ఆత్మకూరులో ఎవరికీ తెలియదు. తెలిస్తే మర్నాటినుంచి బస్టాండు పక్కనున్న అతని ఫోటో స్టూడియో మెట్లు ఎవరూ ఎక్కరు. కుర్రతనంలో ఉదయగిరిలో రీలు కెమెరా పట్టిన మనిషి. వేరే పని చేతకాదు.

ఇన్నాళ్లూ పరువు కాపాడింది కొత్త కెమెరా. వెనక తెరమీద ఒక ముఖాన్ని వేలితో తాకితే దాని చుట్టూ ఆకుపచ్చ గడి పడుతుంది. ఆ ముఖం ఎటు కదిలినా గడి వెంటపోతుంది, ఫోకస్ దానంతటదే సరిచేసుకుంటుంది. ముఖం తేటగా ఉందో లేదో డేవిడ్‌రాజుకు కనపడదు. పచ్చరంగు కనపడుతుంది. పెళ్లిళ్లన్నీ ఆ రంగును నమ్ముకునే తీశాడు.

ఆ ఆదివారం సంగం దగ్గర పెన్నలో బాప్తిస్మాలు. స్నేహితుడు యేసురత్నం కూతురు జెస్సీ కూడా తీసుకుంటోంది.

“మునిగేది గాదురా, లేచే ఫోటో కావాల. పటం కట్టిస్తా,” అన్నాడు యేసురత్నం.

“నాకు జెప్తావా?”

మోకాటిలోతు నీళ్లలో నిలబడి జెస్సీ ముఖాన్ని తాకాడు. గడి పడింది. పాస్టరు జోయల్ ఆమె వీపుకింద చెయ్యివేసి వెనక్కి ముంచాడు. తెరమీద ముఖం మాయమైంది. గడి ఒక క్షణం తడుముకుని మళ్లీ పచ్చగా కుదురుకుంది. డేవిడ్‌రాజు ఊపిరి పీల్చుకుని వరసగా నొక్కాడు.

పెళ్లికూతురు ఎటు తిరిగినా నీళ్లలో మునగదు. ఈ కెమెరాతో అతనికి ఇదే మొదటి బాప్తిస్మం.

గట్టుమీద యేసురత్నం ఫోటోను పెద్దది చేసి చూశాడు. “ఏందిరా ఇది? బిడ్డ ముఖం అలుక్కపోయింది. అయ్యగారి మీసం మాత్రం వెంట్రుక వెంట్రుకా లెక్కబెట్టొచ్చు.”

“తర్వాతది చూడు.”

“అన్నిట్లో మీసమేరా.”

బిడ్డ మునగ్గానే గడి పాస్టరు ముఖానికి అతుక్కుందని అప్పుడర్థమైంది. డేవిడ్‌రాజు నీళ్లలోకి పడుతూ లేస్తూ పోయాడు. “అయ్యగారూ, జెస్సీని ఇంకొక్కసారి ముంచండి. ప్రార్థన చెయ్యబాకండి, ఊరికే ఫోటో కోసం.”

“బాప్తిస్మం ఒక్కసారేనయ్యా,” అన్నాడు పాస్టరు. “ఫోటో కోసం ముంచితే అది స్నానం.”

వెనకే వచ్చిన యేసురత్నం అతని భుజం పట్టుకున్నాడు. “అంత పెద్ద తెర ఉండాది గదరా, చూసుకోలా?” యేసురత్నం అతని కుడికంటి ముందు చెయ్యి ఆడించాడు. రెప్ప కదల్లేదు.

“ఎప్పట్నించిరా?”

“మెల్లగా మాట్లాడు.”

“కెమెరా ఇటియ్యి. పిల్లోళ్లు ఫోన్లలో తీస్తార్లే. నువ్వు గట్టెక్కు.”

“ఇయ్యను.”

బాప్తిస్మానికి ఇక నాగులమ్మ ఒక్కతే మిగిలింది. ముసలామె తెల్లచీర కొంగు నడుముకు బిగించి దిగుతోంది. డేవిడ్‌రాజు భుజం విడిపించుకుని ముందుకు నడిచాడు. ఆమె లేచాక మళ్లీ తాకాలి, అంతే. ఆమె మునిగింది. గడి పాస్టరు మీదికి దూకింది. నీళ్ల చప్పుడు వినగానే, తెల్లగా కదిలిన చోట వేలు ఆనించాడు. తెర తడిసి ఉంది, వేలు సరిగా ఆనలేదు. గడి అటూ ఇటూ ఎగిరి ఎక్కడో ఆగి పచ్చబడింది. అది ఎవరి ముఖమో తెలియలేదు. నొక్కాడు.

“పడిందా నాయనా?” నీళ్లు కారుతున్న ముఖంతో నాగులమ్మ అడిగింది.

యేసురత్నం అవతలి గట్టువైపు తిరిగి నిలబడ్డాడు.

“పడిందవ్వా,” అన్నాడు డేవిడ్‌రాజు.